మూడో సిలిండరు, గ్లాసెడు నీళ్లు

ముప్పై నాలుగేళ్లు తుంగభద్ర నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడమే నా ఉద్యోగం. పొద్దున ఆరుకు ఒకసారి, సాయంత్రం ఆరుకు ఒకసారి. నది ఎండినా రాశాను, పొంగినా రాశాను. రిటైరై కల్లూరులో ఇల్లు కట్టుకున్నాక రాయడానికి నది లేకుండా పోయింది. అప్పుడు కారు కొన్నాను.

నిజానికి కొన్నది మా ఆవిడ కోసం. ఆమె పుట్టింది జమ్మలమడుగు పక్కన పల్లెలో. గండికోట దగ్గరే కదా, ఎప్పుడైనా పోవచ్చులే అనుకుంటూ పెరిగి, పెళ్లయి కర్నూలు వచ్చేసింది. అరవై దాటినా ఆ పెన్నా లోయను ఫోనులో తప్ప చూడలేదు. చర్చిలో ఆమె దగ్గర ఆదివారపు బడికి వచ్చే పిల్లలు కూడా చూసొచ్చి, ఆమెకే వర్ణించి చెప్పారు. ఆ అవమానం తీరుస్తానని, సొంత కారులో తీసుకుపోతానని మాట ఇచ్చాను.

మూడుసార్లు బయలుదేరాం. మూడుసార్లూ వెనక్కి వచ్చాం. మొదటిసారి గేటు దాటకముందే ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణికింది. స్టీరింగు వెనక పసుపు లైటు మిణుకుమిణుకుమంది. ఆ లైటు మిణుకుమంటే ప్రయాణం ఆపవలెనని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. పుస్తకంలో రాసిన దాన్ని కాదనడం నాకు అలవాటు లేదు. రెండోసారి ఓర్వకల్లులో గంటసేపు ఆగి స్టార్ట్ చేస్తే మళ్లీ వణికింది. మూడోసారి నంద్యాల దాటి, ఒక హోటలు దగ్గర చాలాసేపు ఆగి తిరిగి కారెక్కితే మళ్లీ అదే వణుకు. మూడుసార్లు కట్టుకున్న చిత్రాన్నం మూడుసార్లూ మా వరండాలోనే తిన్నాం.

మూడోసారి చేయి కడుక్కుంటూ ఆవిడ చెప్పేసింది.

"ఏమయ్యా, ఇంగొక్కసారి చూస్తా. నాలుగోసారి గూడా ఇట్లే అయితే ఈ బండి అమ్మెయ్. నేను బస్సెక్కి పోతా."

"నేనూ బస్సులో వస్తా కదా."

"వద్దులే. నువ్వెక్కితే బస్సు గూడా వణుకుతాది."

నవ్వాను గానీ ఒప్పుకోలేదు. ఆమె ఆ లోయ అంచున మొదటిసారి నిలబడినప్పుడు పక్కన నేను ఉండాలి. అక్కడికి తీసుకుపోయింది నా కారై ఉండాలి.

మా వీధి చివర ఒక మెకానిక్ షెడ్డు ఉంది. దాన్ని నడిపే ఆయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. మర్నాడే నేను ఆయన దగ్గరికి కారుతో పాటు నా స్టీలు గ్లాసు కూడా పట్టుకుపోయాను. గ్లాసు లోపల మేకుతో గీతలు గీశాను. పై గీత దాకా నీళ్లు పోసి బానెట్ మీద పెట్టి ఇంజను స్టార్ట్ చేస్తే, వణుకుకు ఎన్ని గీతల నీళ్లు ఒలికాయో చూడవచ్చు. నీటిమట్టం చూడటం తప్ప నాకు ఇంకో విద్య రాదు.

ఉస్తాద్ గ్లాసును కిందా మీదా చూసి, "స్కానర్ నాకాడ ఉండాది సార్. అయినా ఇదీ పెట్టండి, బాగుండాది," అన్నాడు.

స్కానరు చూపించింది: మూడో సిలిండరు మిస్సవుతోంది. అంటే లోపల మండాల్సిన పెట్రోలు దాంట్లో సరిగా మండటం లేదు. ఉస్తాద్ మూడోదానికి నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిల్ తీసి ఒకటోదానికి, ఒకటోదానిది మూడోదానికి మార్చాడు. "రేపు ఒకటో నంబరు మిస్ కొడితే తప్పు కాయిల్‌ది. మళ్లా మూడే కొడితే కాయిల్ పాపం మంచిది," అన్నాడు.

బండి రాత్రంతా షెడ్డులోనే చల్లారింది. పొద్దున స్టార్ట్ చేస్తే మూడోదే. రెండు గీతల నీళ్లు ఒలికాయి, రాసుకున్నాను. ఆ మరుసటి రోజు కొత్త ప్లగ్గులు వేశాడు. మళ్లీ మూడోదే. తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు చూశాడు, అది బాగుంది. సిలిండరులో ఒత్తిడి కొలిచాడు, అదీ బాగుంది. ఒక్కొక్క అనుమానం కొట్టేసిన కొద్దీ నాకు హుషారు పెరిగింది. ఉద్యోగంలో చేరిన రోజు కూడా ఇంత ఉత్సాహంగా ఇల్లు కదల్లేదు.

"పెండ్లికొడుకు మాదిరి తయారయి యాడికి?" అని ఆవిడ గుమ్మంలో అడిగింది.

"షెడ్డుకు."

"ఆ గ్లాసు మళ్లా తీసుకురా. మజ్జిగ తాగేదానికి ఇంట్లో గ్లాసు లేదు."

అయిదో రోజు ఉస్తాద్ ఇంజనుకు గాలి పోయే గొట్టాలు విప్పి, సన్నని కెమెరా తీగ లోపలికి దింపాడు. ఫోను తెర మీద సిలిండరులోకి గాలి వదిలే వాల్వు కనపడాలి. కనపడింది మాత్రం సంగటి మాడిన కుండ అడుగు. నల్లగా, గడ్డలు గడ్డలుగా కార్బన్.

"దొరికింది సార్. గాలి పోయే దారిలో ఇంత మసి ఉంటే చల్లటి ఇంజను ఎట్ల ఊపిరి పీల్చుకుంటాది? వేడెక్కినాక ఎట్లనో సర్దుకుంటాది. పాత బండ్లలో పెట్రోలు ఈ వాల్వు మీద పడి, దాన్ని కడుగుతా పోతాది. మీదాంట్లో నేరుగా సిలిండర్లోకి పోతాది, కడిగే దిక్కు లేదు. అయినా మూడేండ్లకే ఇంత పట్టగూడదే. మీరు దీన్ని ఎట్ల నడుపుతాండారు?"

ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు నేను సంచిలోంచి నా డైరీలు తీసిచ్చాను. కారు కొన్న రోజు నుంచి ఒక్క రోజు తప్పకుండా రాసినవి. ఉస్తాద్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"ఉదయం ఆరు గంటలు. ఇంజను స్టార్ట్ చేయడమైనది. పది నిమిషాల తర్వాత ఆపడమైనది. బండి కదలలేదు." పేజీ తిప్పాడు. "ఉదయం ఆరు గంటలు. స్టార్ట్ చేయడమైనది. బండి కదలలేదు." ఇంకో డైరీ తెరిచాడు. "ఆదివారం. చర్చికి, రెండు కిలోమీటర్లు. వేగం ముప్పై."

తల ఎత్తి నన్ను చూశాడు. "సార్, రోజూ పొద్దున దీన్ని లేపి, పది నిమిషాలు నిలబెట్టి, మళ్లా పండబెడతాండారా?"

"అవును. రీడింగు తీయాల కదా."

ఉస్తాద్ పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు. భుజాలు కదలడం చూసి ముందు దగ్గనుకున్నాను. నవ్వు. "రోగం వచ్చినాక రాసినారనుకుంటి సార్. రాసుకునేదానికే రోగం తెప్పించినారు. ఇంజను బాగా వేడెక్కకుండా రోజూ ఆపేస్తే లోపలి నూనె ఆవిరంతా ఈడనే పేరుకుంటాది."

నాకూ నవ్వు ఆగలేదు. ముప్పై నాలుగేళ్లు నదిని చూశాను. నేను చూసినందుకు నది ఒక్క అంగుళం ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. చూడటం వల్ల చెడిపోయేవి కూడా ఉంటాయని ఆ ఉద్యోగంలో నాకెట్లా తెలుస్తుంది?

ఇంటికొచ్చి ఆవిడకు చెప్పాను. తప్పు ఒప్పుకోవడమూ ఒక రీడింగే.

"అంటే ఇన్నాళ్లూ నన్ను గండికోటకు పోనియ్యంది నీ డైరీనా?" అని, కొంగు అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం, "నాలుగోసారి మాట మాటే," అంది.

వాల్వులు తోమడానికి ఉస్తాద్ అక్రోటు పెంకుల నూక తెప్పించాడు. దాన్ని కంప్రెసరు గాలితో కొడితే మసి రాలుతుంది, లోహానికి గీత పడదు. వాల్వు పూర్తిగా మూసుకున్నాకే కొట్టాలి, లేకపోతే నూక సిలిండరులో పడుతుంది. ఆయన ఇంజను తిప్పుతుంటే నేను టార్చి వేసి చూసి, మూసుకుందని రెండుసార్లు చెప్పేవాణ్ణి. సాయంత్రానికి వాల్వులు పెళ్లి గిన్నెల్లా మెరిశాయి.

ఆవిడకు ఈ సంగతి కూడా అందింది. "మోకాళ్ల నొప్పికి అక్రోట్లు తినమని డాక్టరు చెప్పి ఏడాదాయ. నాకు ఒక్కటి తేలేదు. బండికి సంచి తెప్పిస్తివి."

ఉస్తాద్ పథ్యం చెప్పి పంపాడు. పొద్దున ఆరుకు లేపడం బందు. వారానికొకసారి దూరం పోవాలి, దారి బాగున్న చోట భయపడకుండా తొక్కాలి.

సోమవారం మధ్యాహ్నం నాలుగోసారి బయలుదేరాం. నంద్యాల దాటాక ముల్లు ఎనభై మీదికి పోయింది. నా చేతుల్లో బండి ఎనభై అందుకోవడం అదే మొదలు. ఆవిడ ఒక చేత్తో పైన పిడి పట్టుకుని, ఇంకో చేత్తో చిత్రాన్నం డబ్బా పట్టుకుని, లారీని దాటినప్పుడల్లా "ఇంగోటి" అని లెక్కపెట్టింది. కోయిలకుంట్ల దగ్గర శనగ చేలు వెనక్కి పరుగెత్తుతుంటే కీర్తన ఎత్తుకుంది. నేను శ్రుతి లేకుండా కలిశాను.

సాయంత్రానికి లోయ అంచున నిలబడ్డాం. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, మెడ చాచి కిందికి చూసింది. ఎర్రటి రాళ్ల గోడల మధ్య పెన్న ఎక్కడో అడుగున ఉంది.

"చిన్నప్పుడే చూసింటే ఇంత పెద్దగా కనపడేది కాదులే," అంది చివరికి. ఆ తర్వాత నా వైపు తిరిగి, "బండి సంగతి రేపు పొద్దున. చల్లబడినాక లేస్తేనే నమ్ముతా."

అక్కడే ఒక బసలో పడుకున్నాం. పొద్దున నేను తాళాలతో కారు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నా గ్లాసులో పై గీత దాకా నీళ్లు పోసి బానెట్ మీద పెట్టి నిలబడి ఉంది.

"ఇయ్యాల రీడింగు నాది. నువ్వు తిప్పు."

తిప్పాను. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుంది. నీళ్లలో సన్నని వలయం కదిలి, అంచు దాకా పోయి, ఆగింది. ఆవిడ గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు వంగి చూసింది. చుక్క ఒలకలేదు. లైటు వెలగలేదు. నిటారుగా నిలబడి, గ్లాసు ఎత్తి, నీళ్లు గటగట తాగేసింది.

"ఈడికి బెలుం గుహలు ఎంత దూరం?"

"తెలీదు. రాసుకోలేదు."

"అయితే పద," అని ఎక్కి తలుపు వేసింది.

ఆ రోజు డైరీలో గ్లాసు నీటిమట్టం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.