ఒక్క నిమిషం, తల్లీ

పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున్న, లంచ్ బాక్సు కట్టుకుంటుంటే, ఒకప్పుడు మా ఎదురింట్లో ఉండి వెళ్ళిన అమ్మాయి గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "నాన్న పోయారక్కా" అంది. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత ముక్కు చీదుకుని, "నీ దగ్గర నాన్న ఫోటో ఏమన్నా ఉందా అక్కా? ఇల్లంతా వెతికాం. పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే దొరికింది. అందులో అసలు నాన్నలాగే లేరు" అంది.

ముప్ఫయ్యేళ్ళు ఫోటోలు తీసి బతికిన మనిషికి ఒక్క మంచి ఫోటో లేదంటే మీరు నమ్ముతారో లేదో.

ఆయన నాకు చుట్టం కాదు. బాబాయ్ గారు అని పిలిచేదాన్ని. పోలీసు శాఖలో ఫోటోగ్రాఫరుగా చేసి రిటైరయ్యారు. 2009 వేసవిలో, ఆర్నెల్లు కూతురి దగ్గర ఉందామని అమెరికాలో మేముండే నేపర్‌విల్ వచ్చారు. సర్వీసులో ఉండగా ఎక్కడ హత్య జరిగినా కెమెరా బ్యాగుతో వెళ్ళడం ఆయన పని. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా పిల్ల పుట్టినరోజుకి కెమెరా చేతికిస్తే, ముందు వీధి తలుపుకి ఒక ఫోటో, తర్వాత గది నాలుగు మూలలకీ నాలుగు, ఆఖరికి పక్కన స్కేలు పెట్టి కేకుకి ఒకటి తీశారు.

"బాబాయ్ గారూ, కేకుని ఎవరూ చంపలేదండీ" అన్నాను.

"ఇంకో పది నిమిషాల్లో చంపుతారుగా" అన్నారు.

నేను అప్పుడు డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం చెయ్యకూడదు. మా ఆయన ఆఫీసుకీ, పిల్ల స్కూలుకీ వెళ్ళాక గోడలతో మాట్లాడలేక, పక్క ఊళ్ళో ఒక చిన్న మ్యూజియంలో వాలంటీరుగా చేరాను. పాత ఫోటోలని బల్ల మీద పరిచి, పైన స్టాండుకి బిగించిన కెమెరాతో కాపీ తీసి, కంప్యూటర్‌లో పెట్టడం పని. జీతం లేదు. అయినా వారంలో ఆ మూడు రోజుల కోసం ఎదురుచూసేదాన్ని. ఫలానావారి భార్యగా కాక, నా పేరుతో నన్ను పిలిచే చోటు అదొక్కటే.

సెప్టెంబరులో నాకు ఒక అట్టపెట్టె ఇచ్చారు. నూరేళ్ళ కిందట, ఇంగ్లండులో విక్టోరియా రాణి ఏలే కాలంలో, ఆ ఊళ్ళో జరిగిన ఒక హత్య తాలూకు ఫోటోలు. చుట్టుపక్కల ఆ కథ తెలియని వాళ్ళు లేరు. చంపిందెవరో ఇప్పటికీ తేలలేదని, ఒక్కొక్కరు ఒక్కొక్కర్ని అనుమానిస్తూ గంటలకొద్దీ మాట్లాడతారు. వంటింట్లో చచ్చిపడి ఉన్న ఆ ఇల్లాలి పేరు మాత్రం అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు.

మొదటి ఫోటో చూడగానే పెట్టె మూసేశాను. రెండు రోజులు అన్నం సయించలేదు. మానేస్తానని బాబాయ్ గారితో అన్నాను.

"ముందు ఏం చూశావమ్మా?"

"ఇంకేం చూస్తానండీ, ఆవిణ్ణే."

"అదే నువ్వు చేసిన తప్పు. భయం ఎప్పుడూ నట్టనడుమ కూర్చుని ఉంటది. నువ్వు మూలల్నించి రావాలి."

మర్నాడు నాతో వచ్చారు. స్వెట్టరు, దాని మీద మంకీ క్యాపు. వాచీ డయలు ఎప్పట్లాగే మణికట్టు లోపలివైపుకి తిప్పి ఉంది. అద్దం మెరిసి ఫోటోలో పడుతుందని సర్వీసులో చేరినప్పుడు తిప్పారట, మళ్ళీ సరిచేసుకోలేదు. నేను ఫోటోని కెమెరా కింద పెట్టాను. ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టారు. వంగి, మెల్లగా, "ఒక్క నిమిషం, తల్లీ" అన్నారు.

నాతో అనుకున్నాను. కాదు, ఆవిడతో.

"అడక్కుండా ఎట్టా తీస్తామమ్మా? మా ఎస్సైలు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. నేను మటుకు ప్రతి ఒక్కళ్ళనీ అడిగాను."

"వాళ్ళేమైనా చెప్తారా?"

"ఏం చెప్పరు. అడిగినోడికి చెయ్యి వణకదు, అంతే."

తర్వాత ఫోటోకి తగలకుండా ఒక అంగుళం పైన అరచెయ్యి చాచి, ఆవిడ మొహానికి అడ్డం పెట్టారు. "ఇప్పుడు చూడు. ఎడంపక్క కింద మూల. ఏముందో నాకు చెప్పు" అన్నారు. నేను కెమెరాలోంచి ఆ మూలని చూస్తూ, చూస్తూనే బటన్ నొక్కేశాను.

"అయ్యో, మీ చెయ్యి పడిందండీ."

"పడితే పడింది. మళ్ళీ తీద్దువుగాని. మూలలో ఏముంది?"

పొయ్యి పక్కన ఒక పెద్ద గిన్నె ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. రొట్టె పిండి. పొంగడానికి వెచ్చటి చోటు చూసి పెట్టుకుంది. మాకిక్కడ చలి మొదలైతే ఇడ్లీ పిండి పులవదు. ఓవెన్‌లో లైటు వేసి అందులో పెడతాం. ఆ పొద్దున నేనూ పెట్టి వచ్చాను. ఆవిడ కూడా మర్నాడు రొట్టె చెయ్యాలనుకుంది. నాకు భయం పోయి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ పెట్టె మొత్తం పూర్తి చేశాను.

అసలు చిక్కు అక్టోబరులో వచ్చింది. హాలోవీన్‌కి, అదే ఇక్కడి దయ్యాల పండక్కి, జనం వస్తారని, ఆవిడ శవం ఫోటోని తలుపంత పెద్దది చేసి గుమ్మం దగ్గర పెడతామన్నారు మ్యూజియం చూసుకునే పెద్దావిడ. వద్దని చెప్పాలనుకున్నాను. కానీ నోరు విప్పలేదు. విప్పితే నాకున్న ఆ ఒక్క చోటూ పోతుందేమోనని పిరికితనం. ఆ మాటే బాబాయ్ గారికి చెప్పాను.

"నాకు పోయేదేముంది, డిసెంబర్లో ఫ్లైటు. పద" అన్నారు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పెద్దావిడ ముందు అటెన్షన్‌లో నిలబడ్డారు. "మేడమ్, థర్టీ ఇయర్స్ పోలీస్ ఫోటోగ్రాఫర్. దిస్ లేడీ నాట్ రెడీ ఫర్ విజిటర్స్" అన్నారు.

పెద్దావిడ ఆయన వైపు తిరిగి, "మరి గుమ్మం దగ్గర ఏం పెట్టమంటారు?" అని అడిగింది.

బాబాయ్ గారికి జవాబు తెలుసు. చెప్పలేదు. నా వైపు చెయ్యి చూపించి, "షీ నోస్" అని ఊరుకున్నారు. ఆ క్షణంలో ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. తప్పించుకునే దారి లేక, వచ్చీరాని ఇంగ్లీషులో గిన్నె గురించి చెప్పాను, గుడ్డ గురించి చెప్పాను, మా ఓవెన్‌లో ఇడ్లీ పిండి గురించి కూడా చెప్పాను. పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మా అమ్మ కూడా అలాగే కప్పేది" అంది.

ఆ ఏడాది గుమ్మం దగ్గర గుడ్డ కప్పిన గిన్నె ఫోటో నిలబడింది. దాని కింద, చర్చి పుస్తకాల్లో వెతికి పట్టుకున్న ఆవిడ పేరు. ఆ అక్షరాలు నేనే అతికించాను. గ్రీన్‌కార్డు వచ్చాక అదే మ్యూజియం నాకు ఉద్యోగమిచ్చింది. ఇవాళ నేను ఒక గదిలోకి వెళ్ళి నా మాట చెప్పగలుగుతున్నానంటే, ఆ రోజు ఆయన నోరు మూసుకోవడం వల్లే.

మోకాళ్ళ నొప్పులతో బాబాయ్ గారు మళ్ళీ అమెరికా రాలేదు. ఫోన్ చేస్తే మాత్రం, క్షేమసమాచారాలు అవ్వకముందే, "మూలలు చూస్తున్నావా?" అని అడిగేవారు.

బుధవారం ఫోన్ పెట్టేశాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పుట్టినరోజు ఫోటోల్లో అందరూ ఉన్నారు, తీసినాయన తప్ప. వనభోజనాల్లోనూ అంతే. "కెమెరా పట్టుకున్నోడు ఫోటోలో ఎట్టా ఉంటాడమ్మా" అనేవారు. ఆఖరికి మ్యూజియం పాత ఫైళ్ళు తెరిచాను. పనికిరాదని పక్కన పడేసిన ఆ కాపీ ఇంకా ఉంది. ముడతలు పడ్డ చెయ్యి, వాచీ పట్టా. కింద మూలలో గిన్నె మీది గుడ్డ, దారం దారం కనిపిస్తూ.

చెప్పులు విప్పి, "ఒక్క నిమిషం, బాబాయ్ గారూ" అని, ఆ చెయ్యి వరకు కత్తిరించి పంపాను.

జవాబొచ్చింది. "నాన్నే అక్కా."

పదకొండో రోజున వాళ్ళింట్లో తీసిన ఫోటో ఒకటి నాకు పంపింది. పాస్‌పోర్టు ఫోటో ఎక్కడా లేదు. పీట మీద, ఫ్రేము కట్టించిన ఆ చెయ్యి ఉంది. దాని ముందు దీపం వెలుగుతోంది. గాలికి ఆరిపోకుండా ఆయనే చెయ్యి అడ్డం పెట్టినట్టుంది.