బంతి లేని ముప్పై ఏడు

మా పాపయ్య పెద్దనాయనకు తప్పులంటే ప్రాణం. తప్పులు చేయడం కాదు, తప్పుగా తయారైన వస్తువులంటే. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చిన చొక్కాను బేరమాడకుండా కొని, కుట్టినవాడి భుజం తట్టి వచ్చే మనిషి మార్కాపురం మొత్తంలో ఆయనొక్కడే.

ఆయన ఇంట్లో గోడగడియారానికి ఎనిమిది అంకె రెండుచోట్ల ఉంటుంది, తొమ్మిది అసలు లేదు. పెళ్లి ఫొటోల్లో ఒకదాంట్లో ఫొటోగ్రాఫరు పుణ్యమా అని పెద్దనాయన మెడ దాకానే పడ్డాడు. దండ ఉంది, తల లేదు. ఏరికోరి ఆ ఫొటోనే పెద్దది చేయించి హాల్లో తగిలించాడు.

"తలలేని ఫొటో ఎందుకు పెద్దనాయనా?" అని అడిగాను.

"తలకాయ ఉన్న పెళ్లికొడుకులు ఇంటింటికీ ఉన్నారు. లేనోణ్ణి నేనొక్కణ్ణే."

"ఆ సంగతి నేను పెళ్లైన వారానికే కనిపెట్టినా" అంది వంటింట్లోంచి శ్రీశైలమ్మ పెద్దమ్మ.

వీటన్నిటినీ మించింది ఆయన కార్డుల పిచ్చి. ఎనభైల చివర్లో మా వైపు మయూరి బబుల్‌గమ్ అని ఒకటి దొరికేది. నోట్లో వేసుకున్న కాసేపటికే సైకిల్ ట్యూబు నమిలినట్టుండేది గానీ, ప్రతి పొట్లంలో ఒక క్రికెట్ ఆటగాడి బొమ్మ కార్డు వచ్చేది. సెట్టు మొత్తం అరవై కార్డులు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ కార్డులు అచ్చు వేసిన మహానుభావుడు ఎవరో గానీ పెద్దనాయన కోసమే పుట్టాడు. ఒక బౌలరుకు మొహమంతా నీలం. ఒక బ్యాట్స్‌మన్ చేతిలో బ్యాటు లేదు, వట్టి పిడికిళ్లతో సిక్సరు బాదుతుంటాడు. ఒకడికి నీడ ఉంది, కాళ్లు లేవు.

గిద్దలూరు రూట్లో కండక్టరుగా చేసినన్నాళ్లూ పెద్దనాయన చిల్లర బదులు కార్డులు పుచ్చుకున్నాడని చెప్పుకుంటారు. ఆయన దగ్గర రెండు ఆల్బంలు ఉన్నాయి. ఒకటి సరైన కార్డులతో సెట్టు, రెండోది తప్పు కార్డులది. రెండోది ఎప్పుడో పొంగిపొర్లుతోంది. మొదటిదాంట్లో ఒకే ఒక్క అర ఖాళీ. అది ముప్పై ఏడో నంబరుది.

ముప్పై ఏడు ఒక వికెట్ కీపరు. ఎర్ర బంతి కోసం గాల్లోకి ఎగిరి ఉంటాడు. ఎరుపు రంగు సరిగా పడని కార్డుల్లో బంతే లేదు, ఊరికే ఎగిరి ఉంటాడు. అలాంటివి పెద్దనాయన దగ్గర బోలెడున్నాయి.

"బంతి లేకున్నా ఎట్ల ఎగిరినాడో చూడు. అదిరా మనిషంటే!" అని వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు.

బంతి ఉన్న ముప్పై ఏడు దొరికిన రోజున పొట్టేలు కోసి వీధి వీధికంతా భోజనం పెడతానని నాలుగేళ్ల కిందట ప్రకటించాడు. దాంతో వీధంతా పాత పెట్టెలు తిరగేసింది. మొదట్లో ఎవరికీ దొరకలేదు. తర్వాత దొరకడం మొదలైంది, చిక్కూ అక్కడే మొదలైంది. ఎవరు ఏ కార్డు తెచ్చినా పెద్దనాయన భూతద్దం తీస్తాడు. "బంతి కోడిగుడ్డు మాదిరి ఉంది" అంటాడు. "టోపీకి నీలం ఎక్కువైంది" అంటాడు. చివరికి ఒకటే తీర్పు. "ఇది తప్పు కార్డు. సెట్టులోకి రాదు." ఆ మాట అంటూనే కార్డును ముద్దు పెట్టుకుని రెండో ఆల్బంలోకి తోసేస్తాడు.

ఎదురింటి కోటమ్మత్త తెచ్చిన కార్డుకూ అదే గతి పట్టింది. ఆమె వీధిలో నిలబడి అరిచింది. "పొట్టేలు ఖర్చుకు భయపడి కళ్లెదుట ఉన్న బంతిని లేదంటాడు! ఇట్లాంటి పిసినారిని నేను యాడా చూళ్లేదు!"

"అవును, పిసినారినే! పోయి మైకులో చెప్పించుకో!" అన్నాడు పెద్దనాయన, గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని.

నాకు పౌరుషం వచ్చింది. నాది సెల్‌ఫోన్ల దుకాణం. ఫోనులో ఆ గ్రూపూ ఈ గ్రూపూ గాలించి, ఎక్కడో ఉన్న ఒకాయన దగ్గర ఎవరూ చెయ్యి వేయని ముప్పై ఏడును పట్టి కొరియర్లో తెప్పించాను. బంతి టమేటా పండులా ఉంది. వంక పెట్టడానికి వీల్లేదు.

ఆ రోజు ఆదివారం. ఆదివారమైతే పెద్దనాయన వాన వచ్చినా ఎండ కాసినా కంభంలో యోసేపు మామ దగ్గరికి పోతాడు. బస్టాండులోనే పట్టుకుని కార్డు చూపించాను. మనిషి మొహంలో రంగు మారింది.

"వెలుతురు చాలదురా శివా. ఈడ చెప్పలేను."

"ఇంత ఎండలో వెలుతురు చాలదా? సరే, యోసేపు మామ చెప్తాడు పద. ఈ కార్డులు అమ్మినోడే ఆయన" అని నేనూ బస్సెక్కాను.

యోసేపు మామ ఒకప్పుడు సైకిలు మీద వెలిగండ్ల నుంచి గిద్దలూరు దాకా ఊరూరా ఈ గమ్ము అమ్మాడు. అమ్ముడుపోని సరుకులోని కార్డులు ఇప్పటికీ ఆయన ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిందని విన్నాను గానీ, వెళ్లి చూసింది లేదు. దారి పొడుగునా పెద్దనాయన నన్ను దింపేయాలని చూశాడు. "ఆదివారం బేరాలు పోగొట్టుకుంటావేందిరా" అన్నాడు. "నీకు బస్సు పడదు, కక్కుతావు" అన్నాడు. నేను దిగలేదు.

కంభంలో యోసేపు మామ మంచం మీద కూర్చుని, ముందు చెక్క పలక పెట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్క కార్డే ఎత్తి నంబర్ల వరసలో పేర్చాడు. వరస పూర్తయిందో లేదో, "ముప్పై ఏడు కనపళ్లేదు బావా, మళ్లా చూద్దాం" అంటూ పెద్దనాయన మొత్తం కలిపేశాడు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈయన మళ్లీ కలిపాడు. నాకు ఒళ్లు మండింది.

"మామా, ఇంక ఏరే పన్లేదు. ఇదిగో ముప్పై ఏడు!" అని కార్డు చెక్క మీద పెట్టాను.

పెద్దనాయన నా వైపు ఎలా చూశాడంటే, టికెట్టు లేకుండా పట్టుబడ్డవాణ్ణి కూడా ఆయన అలా చూసి ఉండడు. యోసేపు మామ మెల్లగా కార్డును అంచు పట్టి ఎత్తాడు. చెయ్యి వణికింది గానీ కార్డు జారలేదు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"బంతి ఉంది. బంతికి కుట్టు లేదు. ఇది రెండోసారి అచ్చేసింది. సెట్టులోకి రాదు."

పెద్దనాయన తొడ చరిచాడు. "నేను చెప్పలే!"

"నువ్వేం చెప్పినావు? వెలుతురు చాలదన్నావు!" అని విసురుగా వసారాలోకి వచ్చేశాను. అప్పుడే చర్చి నుంచి వచ్చిన యోసేపు మామ కోడలు గ్రేస్, చేతిలో బైబిలుతో నవ్వు ఆపుకుంటూ నిలబడి ఉంది.

"అన్నా, ఇంచుమించు కొంప ముంచినావు గదా!" అంది గొంతు తగ్గించి. "జబ్బు చేసినాక డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు. నేనేమన్నా పిల్లోణ్ణా అని మామ దాన్ని గోడకేసి కొట్టినాడు. అన్నం మేమే తినిపిస్తా ఉంటిమి. పాపయ్య చిన్నాయన వచ్చి, బావా, నా ముప్పై ఏడు నీ పెట్టెలోనే ఉంది, నాకు చూపు ఆనదు, నువ్వే ఏరియ్యాల అని పట్టుబట్టినాడు. మొదట్లో ఒక్క కార్డు ఎత్తేదానికే చెమటలు పట్టేది. ఇప్పుడు తన అన్నం తనే కలుపుకుంటాడు."

"మరి మామకు దొరికితే?"

"దొరక్కేం? పక్క దులిపితే దిండు కింద రెండు కనపడినాయి. దొరికిందంటే పాపయ్య రావడం మానుకుంటాడు, నోరు మూసుకో అన్నాడు మామ."

సిగ్గేసింది. ఆ వెంటనే పట్టరాని నవ్వొచ్చింది. ఆ ఇద్దరు ముసలి దొంగలనూ చెరో దెబ్బ వేసి, చెరో ముద్దు పెట్టాలనిపించింది.

తిరుగు బస్సులో అడిగాను. "నిజం చెప్పు పెద్దనాయనా. నీ దగ్గర సరైన ముప్పై ఏడు లేదా?"

"లేదు."

"ఒట్టెయ్యి."

"కండక్టరును ఒట్టెయ్యమంటావేందిరా? కావాలంటే చెకింగోళ్లను పిలిపించుకో!" అని కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి కిటికీతోనే అన్నాడు. "పిసినారి అంటారు, అంతే గదా. అననీ. సెట్టు నింపను, పొట్టేలును కొయ్యను. ఏం చేసుకుంటారో చేసుకోమను!"

కార్డు సంగతి అప్పటికే చెవిన పడ్డ కోటమ్మత్త వీధి మొదట్లోనే అడ్డం నిలబడింది. "ఏమైందిరా శివా? పొట్టేలేనా?"

నేను పెద్దనాయన చేతిలోని భూతద్దం లాక్కుని, కార్డును వెనకా ముందూ చూశాను. "కుట్టు లేదత్తా. తప్పు కార్డు."

"నువ్వు గూడా చేరినావా ఈయనతో! బంతి అంతుంటే కనపళ్లేదా?"

"బంతి ఉంటే ఎవరైనా ఎగురుతారులే అత్తా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. పెద్దనాయనకు పొలమారింది.

ఇంటికి వెళ్లాక కార్డును రెండో ఆల్బంలో నా చేత్తోనే పెట్టమన్నాడు. అర తెరిస్తే అందులో బంతి ఉన్న కీపర్లు అప్పటికే నలుగురైదుగురు వరసగా ఎగురుతున్నారు. భూతద్దం పెట్టి చూశాను. అన్ని బంతులకూ కుట్లు ఉన్నాయి, నేను తెచ్చినదానికి కూడా.

"ఏం కనపడతా ఉంది?" అన్నాడు పెద్దనాయన, కయ్యానికి సిద్ధంగా.

"అన్నీ తప్పులే" అన్నాను.