రెండోసారి చెవి కుట్టడం

దూడను కట్టేస్తుంటే అది ఒక్కసారిగా తల విదిలించింది. తాడు నా కమ్మకు చిక్కి ఎడమ చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ దాన్ని కలిపి కుట్లు వేసింది. మూడు నెలలు ఆగితే మచ్చ పక్కన మళ్ళీ చెవి కుడతానంది. అమ్మ ఇచ్చిన కమ్మలు ఇంకోసారి పెట్టుకోగలనా లేదా అని ఆ మూడు నెలలూ నాకు అదే దిగులు.

గడువు తీరాక మేనమామ కూడా టేకులపల్లి నుంచి నాతో బయలుదేరాడు. ఎనభై దాటిన మనిషి. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చోబెట్టే నా చెవులు కుట్టించారు.

"మేనమామ ఒడి లేకుంట చెవులెట్ల కుడ్తరే?" అన్నాడు డాక్టరమ్మ ముందే.

"నాకు అరవై నిండినయ్ మామా. నీ మోకాళ్ళు ఇరుగుతయ్."

"గట్లయితే నేనే నీ ఒళ్ళో కూసుంట తియ్."

డాక్టరమ్మ నవ్వుతూ మా ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది. సూది చూడగానే మామ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెవి కుట్టి, అమ్మ కమ్మ పెట్టింది.

"అయిందా బిడ్డా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నాకైతే అయింది. నీకే ఇంకా కానట్టుంది. చెయ్యి ఇడువు మామా, అద్దంల సూసుకోవాలె."