డిస్కులోంచి జారిపోయిన అడుగు

మా మేనమామ మునగపాక నుంచి బస్సులో వచ్చి, తువ్వాలులో చుట్టిన డిస్కు ఒకటి నా చేతిలో పెట్టాడు. ఒకప్పుడు ఆయన తప్పెటగుళ్లు ఆడేవాడు. గుండెకు రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకు గజ్జెలతో గంటల తరబడి ఎగిరేవాడు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. ఆయన బృందం ఆటను వీడియో తీసింది ఒక్కసారే, ఇరవై ఏళ్ల కిందట. మిగిలింది ఈ డిస్కే. రోలుగుంటలో కొందరు ఆడపిల్లలు ఆ ఆట నేర్పమని అడుగుతున్నారట.

"ఇంట్లో ప్లేయర్ పాడైపోనాది. ఫోన్లో అవుపడేలాగ సెయ్యమ్మా. నువ్వు కంప్యూటర్లు సెప్తావు కదా," అన్నాడు.

అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. కాదనడానికి వీల్లేదు.

ముందు డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటర్‌లోకి దించాను. గీత పడ్డ ఒకచోట డ్రైవు గరగరలాడి, చదివిందే మళ్లీ మళ్లీ చదివి చివరికి దాటింది. ఇక దాన్ని ఫోన్లో ఆడే ఫైలుగా మార్చాలి. కాలేజీలో అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకున్నాను. ఒక బటన్ నొక్కితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. పావుగంటలో పని అయిపోయింది. ఫైలు చిన్నది, బొమ్మ నున్నగా ఉంది, మచ్చలూ చుక్కలూ కూడా తుడిచిపెట్టింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

తరవాతి ఆదివారం మామయ్యకు చూపించాను. వేళ్లతో తొడ మీద తాళం వేస్తూ చూశాడు. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి.

"ఇందల ఒక అడుగు నేదమ్మా."

"నేనెక్కడా కొయ్యలేదు మామయ్యా."

"కాలు ఎత్తింది అవుపడతంది, దించింది అవుపడతంది. మజ్జిన మడమతో ఒక దెబ్బుంటాది. అదేదీ? ఇనపడతంది గానీ అవుపడ్డం నేదు."

నాకు కోపం వచ్చింది. "కళ్లు పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది నువ్వు?" అనేశాను.

ఆయన ఒక అరచేతిని నేలగా పట్టి, రెండో చేతి వేళ్లతో ఆ అడుగు వేసి చూపించాడు. టక్, టకటక్.

ఆయన వెళ్లాక అసలు కాపీ తీసి ఒక్కో ఫ్రేమూ కదిపి చూశాను. ఆ కాలం వీడియోలో ఒక్కో ఫ్రేములో రెండు క్షణాలుండేవి. తెర మీద బొమ్మను గీసే సన్నని అడ్డగీతల్లో సరివాటిలో ఒకటి, బేసివాటిలో ఒకటి. ఈ సంగతి ఏటా క్లాసులో చెబుతాను. నా సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ ఒకటి చేసేసింది. సెకనుకు యాభై కదలికలు పాతికయ్యాయి. మడమ నేలను తాకిన క్షణం పోయిన సగంలో ఉంది. చుక్కలనుకుని తుడిచింది కూడా కాళ్ల కింద లేచిన దుమ్మునే.

ఆ వారం సాయంత్రాలన్నీ దాని మీదే గడిచాయి. ఆ అడుగున్న అర నిమిషం ముక్కను వేరే సాఫ్ట్‌వేర్లలో వేసి చూశాను. ఒకటి కదలికలు ఉంచింది గానీ గజ్జెల దగ్గర బొమ్మను గళ్లుగళ్లు చేసింది. ఇంకొకటి బాగానే చేసింది, కాని పంపి చూస్తే ఆ ఫైలును మామయ్య ఫోన్ తెరవలేదు. చివరికి దొరికినదానికి బటన్లే లేవు, ఏం కావాలో టైపు చేసి చెప్పాలి. డిస్కు మొత్తానికి ఒక పూట పట్టింది, ఫైలు మూడింతలయింది. కాని యాభై కదలికలూ ఉన్నాయి, దుమ్ముతో సహా. ఇన్నాళ్లూ వేగం, సైజు చూసి ఏది మంచిదో పిల్లలకు చెప్పాను. చూసేవాళ్లకు ఏం కావాలో అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

ఈసారి నేనే మునగపాక వెళ్లాను.

"అదిగో మడమ!" అని మామయ్య కుర్చీలోంచి లేవబోయాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి చూశాక ముఖం వాడిపోయింది.

"తప్పింది నానేనమ్మా."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ముందు వరసలో ఆయన పక్కనున్నది కోటవురట్లలో ఉండే ఒకతను, మామయ్యకు వరసకు బావ. ఆ రోజు ఎవరో తాళం తప్పి వరస చెదిరింది. బావేనని మామయ్య అందరి ముందూ తిట్టాడు. అతను బృందానికి రావడం మానేశాడు. అప్పటి నుంచీ మాటల్లేవు. తప్పు బావదేనన్న నమ్మకంతో, ఇంట్లో డిస్కు వేసుకున్నప్పుడు ఎవరి కాలు వెనకబడిందో మామయ్య పట్టించుకోనే లేదట. ఇప్పుడు చూస్తే బావ మడమ తాళానికి పడుతోంది, మామయ్యదే వెనకబడింది.

"నేను మొదట మార్చిన కాపీ ఉంది మామయ్యా. రోలుగుంట పిల్లలకు అది పంపిద్దామా? అందులో తెలీదు," అన్నాను.

"తెల్దని ఇత్తావేటి? ఇదే ఇయ్యి. ఎవుళ్ల కాలు సూడాలో నాను సెప్తాను. ముందు నన్ను కోటవురట్ల తీసుకెల్లు."

మేం వెళ్లేసరికి ఆ బావ అరుగు మీద జీడిపిక్కలు ఆరబోస్తున్నాడు. మామయ్య ఫోన్ అతని చేతికిచ్చాడు. అతను వంగి చూశాడు.

"ఆ రోజు తప్పింది నాను బావా."

"నాకు తెల్సు. నా కాలు నాకు తెల్దేటి?"

"మరి సెప్పనేదేటి?"

"సెప్పేను. నువ్వు ఇన్నావు కాదు."

మామయ్య తల దించుకున్నాడు. బావ జీడిపిక్కలు పక్కకు జరిపి చోటు చేశాడు. "కూకో," అని ఆయనతో అని, నావైపు తిరిగి, "మొదట్నుంచి పెట్టమ్మా," అన్నాడు.

రోలుగుంటకు ఇప్పుడు ఇద్దరూ వెళుతున్నారు. మామయ్య నోటితో తాళం చెబుతాడు, బావ అడుగు వేసి చూపిస్తాడు. పాఠం అయ్యాక మాత్రం పెద్దగా మాట్లాడుకోరట.