కుందుర్పి దారిలో ఉలవ కట్టె మీద నా పాత స్పోర్ట్స్ కారు

నాకు చాలా ఏళ్లుగా ఒకటే కల వచ్చేది. నేలకు ఆనుకున్నంత కిందగా కూర్చుని, ఎర్రమట్టి మధ్య నల్లటి రోడ్డు మీద, నెత్తిన కప్పు లేకుండా ఎటో పోతుంటాను. ఎక్కడికని ఎవరూ అడగరు, నాకూ తెలియదు. అనంతపురంలో కూర్చుని పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసి ధర్మవరం మగ్గాలకు పంపుకునేదాన్ని, నాకీ కల ఎందుకొచ్చిందో దేవుడికే తెలియాలి. మూడేళ్ల కిందట బెంగళూరులో ఒకాయన తన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు అమ్ముతున్నాడంటే, ఊరికే చూసొద్దామని వెళ్లి తాళం చెవితో తిరిగొచ్చాను. కారు పేరు మాత్రం రాయను. రాస్తే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు, ఆ మాటెత్తితే నాకు ఏడుపొస్తుంది.

మీరూ ఇలాంటి పిచ్చిలో ఉంటే ఒక మాట. రంగు చూసి పడిపోకండి. కాళ్ల కింద పట్టా ఎత్తి తుప్పుందేమో చూడండి, టైరు మీద అది తయారైన సంవత్సరం చదవండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ చేత్తోనే స్టార్ట్ చేయండి. మా జిల్లాలో వానలు లేకపోవడం ఒక్క పాత కారుకే కలిసొచ్చింది, తుప్పు పట్టదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. దుమ్ము మాత్రం ప్రాణం తీస్తుంది. ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకంలో చెప్పినదానికంటే రెండింతలు త్వరగా మారుస్తాను, ఎండకు పగిలే రబ్బరు పైపులను ఏటా వేసవికి ముందే మార్పించేస్తాను. ఇంతవరకు బుద్ధిమంతురాలినే. ఆ తర్వాతే తిక్క పుట్టింది. మలుపుల్లో రోడ్డును అతుక్కుని పోతుందని స్ప్రింగులు మార్పించి కారును రెండు వేళ్లు కిందికి దించాను. సైలెన్సర్ గొట్టం కింద వేడిని ఆపడానికి ఒక రేకు ఉంటుంది. అది గలగలమంటోందని దాన్నీ తీయించేశాను. మా మెకానిక్ మాబు చాలా మొత్తుకున్నాడు. "అక్కా, ఆ రేకు తీయాక. కంపెనీవాడు ఊరికే పెట్టింటాడా? బోల్టు బిగిస్తే సరిపోతాది" అన్నాడు. నేను వింటానా!

దించిన కారును ఖాళీ రోడ్డు మీద నడిపి చూడాలని మొన్న జనవరిలో ఒక ఆదివారం కుందుర్పికి బయల్దేరాను. అక్కడి కొండ కింద కాసేపు కూర్చుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాలని లెక్క. ముందురోజే అనంతపురంలో ట్యాంకు నింపి, చక్రాల్లో గాలి, కూలెంటు చూసుకున్నాను. ఉదయం ఐదూ నలభైకి టాపు మడిచి, చెవులకు మఫ్లరు చుట్టుకుని కల్యాణదుర్గం రోడ్డెక్కాను. కల్యాణదుర్గానికి అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, గంటంబావు చాలు. కిందికి దించిన కారుతో వచ్చేవాళ్లు ఊళ్ల ముందు స్పీడు బ్రేకర్లను తిన్నగా కాకుండా ఏటవాలుగా ఎక్కండి, లేకపోతే పొట్ట గీరుకుంటుంది. తెల్లవారేసరికి మంచులోంచి గాలిమరలు బయటపడ్డాయి. వాటి కాళ్లు కనబడటం లేదు, రెక్కలు మాత్రం ఆకాశంలో మెల్లగా తిరుగుతున్నాయి. గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటుతుంటే ఇంజిన్ ఆపేసి కూర్చున్నాను. మెడ గంటల చప్పుడు నా రెండు పక్కలా పారుతూ పోయింది. ఇది కలో నిజమో తెలియనంత హాయిగా ఉండింది, నిజం చెప్తున్నా. అక్కడే అరగంట గడిచిపోయింది.

ఏడున్నరకు కల్యాణదుర్గంలో రోడ్డు పక్క ఉగ్గాని బజ్జి తిన్నాను, నలభై రూపాయలు. బజ్జీలు తీస్తున్న పెద్దాయన గరిటె పట్టుకునే వచ్చి కారు చుట్టూ తిరిగాడు. "ఏమ్మా, దీంట్లో కూర్చుంటావా, పండుకుంటావా?" అన్నాడు. "రెండూను" అన్నాను. "ఇంటికాడ ఏమంటాండారు?" "ఏమీ అనరు, నవ్వుతారు." "నవ్వుతాంటే మంచిదే, పోయిరా" అని ఇంకో బజ్జీ వేశాడు. ఇక్కడి నుంచి కుందుర్పికి ఇంకో ముప్పై కిలోమీటర్లు. దారిలో పెట్రోలు దొరుకుతుందని నమ్ముకోకండి.

ఎనిమిదిన్నర దాటాక ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు రంగు మారిపోయింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉలవ కట్టె పరిచారు, కాయలతో ఎండిన మొక్కలే కట్టె అంటే. మా వైపు ఇది మామూలే. బస్సులూ లారీలూ దాని మీదుగా పోతే కాయలు పగిలి గింజ రాలుతుంది, నూర్పిడికి వేరే ట్రాక్టరు అక్కర్లేదు. రోడ్డు వారగా పంగల కర్ర పట్టుకుని నిలబడ్డావిడ నన్ను చూసి చెయ్యి ఊపింది. "రా అక్కా, రా! పైన్నే పో!" అని నవ్వింది. నేనూ నవ్వి మెల్లగా ఎక్కించాను. చక్రాల కింద కాయలు చిటపటమంటుంటే చెవికి ఎంత బాగుందో! కాసేపటికి ఉలవలు వేయించిన కమ్మటి వాసన వచ్చింది. ఎవరో పొద్దున్నే ఉలవచారుకు సిద్ధం చేస్తున్నారనుకున్నాను. ఆహా అని గట్టిగా పీల్చాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొగ నా మోకాళ్ల దగ్గర నుంచి లేచింది. భయంతో బ్రేకు తొక్కాను, సరిగ్గా పంట మధ్యలో. కిందికి దించిన కారు పొట్టకు కట్టె చుట్టుకుని, రేకు లేని సైలెన్సర్ గొట్టానికి అదుముకుని నిప్పంటుకుంది. "నిలపాకక్కా, నిలపాక! నా పంట కాలిపోతాది!" అని ఆవిడ పరిగెత్తుకొస్తోంది. ముందు ఇంకో యాభై గజాలు ఉలవలే, వెనకా ఉలవలే. పక్కన బండరాళ్లతో నిండిన వాలు ఒక్కటే ఖాళీ. తలుపు తీసుకుని దూకేద్దామని చెయ్యి పెట్టాను కూడా. దూకితే కారు కింద మంట, దాని చుట్టూ ఆవిడ పంట. స్టీరింగు తిప్పి రాళ్లలోకి దించేశాను. కింద ఏదో ఫెళ్లున పగిలింది. దిగి చూస్తే ఇంజిన్ ఆయిలు కారి మట్టిలోకి ఇంకిపోతోంది. ఆవిడ తాగడానికి తెచ్చుకున్న బిందెడు నీళ్లూ రోడ్డు మీద మండుతున్న కట్టె మీదే పోసింది, నేను దోసిళ్లతో కారు కింద మట్టి కొట్టాను. ఆమె వచ్చి చీర కొంగు ముక్కుకు కట్టుకుని నాతో పాటు కొట్టింది. పది నిమిషాలకు పొగ తప్ప ఏమీ మిగల్లేదు. రోడ్డు మీద చాపంత మేర మాత్రం నల్లగా కాలింది.

అప్పుడు ఆవిడ చేతులు జోడించింది. ఆమె పేరు హనుమక్క. "అక్కా, కేసు పెట్టాకక్కా. రోడ్డు మీద ఏసేది తప్పేనంట, పోయిన తూరి పోలీసు సార్లు వచ్చి చెప్పిపోయినారు. ఏం జేసేది? బుడ్డశెనక్కాయలు ఏసినాము, వాన రాక ఎండిపోయినాయి. ఈ ఏడు ఇంట్లోకొచ్చేది ఈ ఉలవలొక్కటే" అంది. ఇంతలో మోటారు సైకిల్ మీద పోతున్న ఒకతను ఆగి నా తరఫున ఊగిపోయాడు. "వదలాకండి మేడం, కంప్లెయింట్ ఇయ్యండి. ఎన్ని తూర్లు చెప్పినా వీళ్లంతే." ఒక నిమిషం, రెండు నిమిషాలు, నేను ఆ మాటల చాటున హాయిగా నిలబడ్డాను. తప్పు నాది కాదని పక్కవాడు చెప్తుంటే వినడానికి ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది. హనుమక్క జోడించిన చేతులు జోడించినట్టే ఉంచింది. ఇక తట్టుకోలేక, "నీ తప్పేం లేదమ్మా. మంట తగలకుండా దీని కింద ఒక రేకు ఉండేది. నేనే తీయించేసినా" అన్నాను.

ఆమె చేతులు దించింది. "ఎందుకు తీసినావు?"

"చప్పుడు చేస్తాండాదని."

"చప్పుడు చేస్తాందనా?" అని నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "బంగారట్లా పంట, బూడిదయి పోయుండు గదా! సదువుకున్నట్ల ఉండావు, నీకేం పొయ్యేకాలమక్కా?" తిట్టింది, ఇంకా తిట్టింది. బైకాయన మెల్లగా జారుకున్నాడు. ఆమె తిడుతుంటే నాకు ప్రాణం తేలికపడింది.

కల్యాణదుర్గం నుంచి కారును ఎక్కించుకుపోయే బండి రావడానికి రెండు గంటలు పట్టింది, అనంతపురం దాకా నాలుగు వేలు. ఆ రెండు గంటలూ హనుమక్క నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. "పట్టు" అని పంగల కర్ర చేతిలో పెట్టి, కాలిన కట్టె వేరుచేయించి మిగతాది తిరగేయించింది. పదిన్నరకు బస్సు వచ్చింది. మామూలుగా అయితే చెయ్యి ఊపి రమ్మనేదే. ఈసారి ఊపలేదు. అడ్డంగా నిలబడి బస్సును ఆపింది. డ్రైవరు "ఏమక్కా?" అని అరుస్తున్నా పట్టించుకోకుండా, రోడ్డు మీద మోకాళ్లూని దాని కిందికి వంగి చూసింది. రేకు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. అయినా చాలాసేపు చూసింది. లేచి, "పో అన్నా" అంది. బస్సు పంట దాటేదాకా వెనకే నడిచింది. తర్వాత వచ్చిన లారీకీ అంతే చేసింది.

మాబు పగిలిన ఆయిలు చాంబరు మార్చాడు, రేకు పెట్టాడు, స్ప్రింగులు పాతవే వేశాడు. కారుకు జరిగిన నష్టం నెలలో సరైపోయింది. కుందుర్పి కొండ ఇంకా చూడలేదు. హనుమక్క ఎన్ని ఏళ్ల నుంచో వచ్చే పోయే ప్రతి బండినీ నవ్వుతూ పిలిచి, తన ఏడాది కష్టం మీదుగా నడిపించుకునేది. ఆ ధీమాను పోగొట్టింది నేను, దాన్ని తిరిగి ఏ షెడ్డులో బిగిస్తారు? మీకు ఒక్కటే సలహా. ఉలవల కాలంలో ఈ దారిన కిందగా ఉండే కారుతో వస్తే, పంటకు ముందే ఆపి దిగండి. మీ బండి కింద ఏం మార్చారో, ఏం తీసేశారో పంట గలావిడకు నిజం చెప్పండి. ఆమె పొమ్మంటే పొండి, పక్కకు లాగి దారిస్తానంటే ఆగండి, వద్దంటే వెనక్కి తిప్పుకోండి.