అడ్డబావి కన్నారావు

కన్నారావుగారికి ఒకే ఒక్క జబ్బు. షేల్ గ్యాస్ బావిని అడ్డంగా ఎలా తవ్వుతారో రోజూ ఎవరో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం సహించదు. వినేవాడికి గ్యాసంటే వంటింటి సిలిండరే తెలిసినా ఫరవాలేదు. అలాంటివాడైతే మరీ ఇష్టం.

ఆ జబ్బుకు బలైంది సుకన్య. అది 2009. బేగంపేటలో, అమెరికా కంపెనీ గ్యాస్ బావుల లెక్కలు కంప్యూటర్లో కట్టి పంపే ఎనిమిదిమంది టీముకు ఆవిడ లీడరు. మెట్టుగూడలో పుట్టి పెరిగి, ఎంసీఏ చదివి, మ్యాపులు గీసే ప్రాజెక్టు నుంచి ఇక్కడికి మారి ఆరు నెలలైంది. కన్నారావుగారు టీముకు సలహాదారు. అనకాపల్లి మనిషి. ముప్ఫై ఏళ్లు చమురు బావుల దగ్గర ఎండకు మాడి రిటైరయ్యారు. ఆయన శ్రోత టీలు అందించే బిక్షం. ఉపన్యాసం మాత్రం ఎప్పుడూ సుకన్య కుర్చీ వెనకే.

ఒకరోజు టీములో పూజిత పుట్టినరోజు. కేకు పెట్టె తెరిచారో లేదో కన్నారావుగారు కూల్‌డ్రింకు స్ట్రా పట్టుకుని వచ్చేశారు.

"సూడు బిక్షం! మధ్యనున్న ఈ పల్చటి క్రీమే షేలు రాయి. గ్యాసంతా దీన్లోనే దాక్కునుంది. పైనించి నిలువుగా గుచ్చితే స్ట్రాకి క్రీము ఎంత తగులుతాది?"

"వేలెడు సుత తగలదు సార్."

"అద్గదీ! అందుకే కిందికి దిగి, వంపు తిరిగి, పొరలోనే అడ్డంగా పోవాల!" అంటూ స్ట్రాను పక్కనుంచి ఆ చివరిదాకా తోసేశారు. కేకు ఒక వైపుకి ఒరిగిపోయింది.

"ఏంది సార్ గిది? అది బర్త్‌డే కేకు!" అంది సుకన్య.

"తెలుసమ్మా. అందుకే ఒక్క బావితో ఆపీసేను."

ఇంకోరోజు సుకన్య మీటింగులో ఉండగా ఆ గది తలుపు పావుగంటసేపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. బయట కన్నారావుగారు.

"నీళ్లు బలంగా కొడితే రాయి పగులుతాది బిక్షం, ఇదిగో, ఇలా తలుపు తెరిసినట్టు. నీళ్లు తగ్గగానే మూసుకుపోతాది. మరి మూసుకోకుండా?"

బిక్షం తలుపు కింద చెక్కముక్క పెట్టాడు.

"అదే ఇసుక! నీళ్లతో పంపితే పగుళ్లలో ఇరుక్కుని వాటిని తెరిచి ఉంచుతాది."

"సార్, జెర ఆ తలుపు వెయ్యున్రి!" లోపల్నుంచి సుకన్య అరిచింది.

అన్నింటికీ మించింది రబ్బరు గొట్టం సంగతి. మేడమీద మొక్కలకు నీళ్లు పెట్టే కొత్త గొట్టానికి ఆయన దబ్బనంతో వరసగా నలభై బెజ్జాలు పొడిచి, సుకన్యను ఎండలోకి పిలిచి మరీ చూపించారు. ముందు బెజ్జాల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. చివరి బెజ్జం దగ్గర చుక్కలే.

"చివర్ల నీళ్లెందుకు తగ్గినయ్ సార్?" అన్నాడు బిక్షం.

"పొడుగు పెరిగేకొద్దీ రాపిడికే బలం పోతాది!"

సుకన్యకు ఏడుపొక్కటే తక్కువ. మర్నాడే అమెరికావాళ్లతో ఫోను. కాంట్రాక్టు ఉంటుందో, టీము మొత్తం ఇంటికి పోతుందో దానిమీదే తేలుతుంది. ఆయనకు చూపిస్తే పూటంతా పోతుందన్న భయంతో ఆమె రిపోర్టు ఆయన కంటపడకుండానే అమెరికాకు పంపేసింది. గొట్టం పాడుచేసినందుకు మేనేజరు చేత చీవాట్లు కూడా ఆమే తింది.

శుక్రవారం సాయంత్రం ఫోనులో అటువైపు ముసలి ఇంజనీరు రిపోర్టు తిప్పి అడిగాడు: "అడ్డబావి పొడుగు ఐదువేల అడుగుల నుంచి పదివేలు చేస్తే గ్యాసూ రెట్టింపవుతుందని రాశారు. నిజంగానా?"

సుకన్యకు కళ్లముందు గొట్టం చివర చుక్కలు కనిపించాయి.

"కాదండీ. అది మా తప్పు," అంది. "గొట్టం పొడుగైతే నీళ్ల ఒత్తిడి కొంత రాపిడికే పోతుంది. చివర్లో పగుళ్లు సరిగా పడవు. గ్యాసు పెరుగుతుంది గానీ రెట్టింపు కాదు. సోమవారానికి కొత్త లెక్క పంపిస్తాం."

అవతల నవ్వు వినిపించింది. "మిగతా కంపెనీలన్నీ రెట్టింపనే వాదించాయి," అన్నాడాయన. కాంట్రాక్టు నిలబడింది.

సోమవారం టీ తెచ్చిన బిక్షాన్ని సుకన్య జాలిగా చూసింది. "రోజూ ఆ ముచ్చట వినలేక పరేషాన్ అయితున్నవు గదా? సార్‌కి నేను చెప్పాల్నా?"

బిక్షం ముసిముసిగా నవ్వాడు. "నాకేం తక్లీఫ్ లేదమ్మా. మొదటి దినమే సారు నాతోని చెప్పిండు. ఆ అమ్మకు తెలివి మస్తుంది, కానీ లీడరాయె, తెల్వదని అడగనీకి మొహమాటపడుతది. నువ్వు అడుగుతుండు, నేను చెప్తుంట, ఆమె చెవుల పడుతది అన్నడు. మొన్న గొట్టం కాడ అడిగిన ప్రశ్న సుత సారే నేర్పిండు."

 సుకన్య కాగితం ఒకటి తీసుకుని కన్నారావుగారి బల్ల దగ్గరికి వెళ్లింది.

"సార్, పక్కబావి పగుళ్లు మన బావిని తాకితే గ్యాసు ఎంత తగ్గుతది? నాకు తెల్వదు. జెర చెప్పున్రి."

ఆయన కంగారుపడి బిక్షం కోసం అటూఇటూ చూశారు. బిక్షం లేడు. కళ్లద్దాలు సర్దుకుని కాగితాన్ని చాలాసేపు చదివారు.

"నాకూ తెలీదమ్మా," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "కుర్చీ లాక్కో. ఇద్దరం కలిసి సూద్దాం."