ఇంట్లోనే ఉన్న మంచం

పదేళ్లు దాటింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్న మాట, ఒక్క నిమిషంలో నోటి నుంచి వచ్చేసింది. అప్పటి నుంచి మింగలేను, కక్కలేను. మా ఇంటాయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. దేవుడికైనా చెప్పానా అంటే, ఆయన ముందు నిలబడి కూడా అటు తిప్పి ఇటు తిప్పి వేరే మాటలే చెప్పుకున్నాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెబుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తుంటే కాస్త కనిపెట్టండి. ఆ గుణం నాకుంది.

మాది ముంబై దగ్గర ఠాణా జిల్లా, భివండిలో నార్పోలి. కరీంనగర్ వైపు నుంచి మా మామగారి కాలంలో వచ్చి ఇక్కడ సాంచాలు పెట్టుకున్నాం. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. పెద్ద సేట్లం ఏమీ కాదు, కింద షెడ్డు, పైన ఇల్లు. ఇక్కడి తెలుగువాళ్లం కలిసి నడుపుకునే సేవా క్లబ్బు ఒకటి ఉంది. ఎండాకాలం చలివేంద్రం పెడతాం, కంటి శిబిరం పెడతాం, బడి తెరవగానే పిల్లలకు పుస్తకాలు పంచుతాం. ఆడవాళ్లలో నోరున్నదాన్నని ప్రతి పనికీ నన్నే ముందుకు తోసేవాళ్లు. నలుగురిలో నా మాట చెల్లడం నాకూ ఇష్టమే.

ఆ క్లబ్బుకు ఒక ఆసుపత్రి మంచం ఉండేది. కాశేలిలో గోదాము నడిపే ఒకాయన ఇచ్చాడు. కాళ్ల వైపున్న పిడి తిప్పితే తల వైపు పైకి లేస్తుంది. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే ఊరికే ఇచ్చేవాళ్లం. వాళ్ల అవసరం తీరగానే తెచ్చి ఇంకొకరికి ఇచ్చేవాళ్లం. ఉన్నది ఒకటే. అది ఎవరికి ఇవ్వాలో చూసే పని నాది.

మా వైపు తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ ఊళ్లో జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆపరేషన్ అయ్యాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆమెకు నేనొక్కదాన్నే. మంచం అప్పుడు ఖాళీగానే ఉంది. క్లబ్బులో అడిగే తెచ్చుకున్నాను. అందులో తప్పేం లేదు. తప్పు తరువాతది.

బతుకంతా బీడీలు చుట్టి, చాప మీద పడుకున్న మనిషి మా అవ్వ. పొద్దున నేను పిడి తిప్పి తల వైపు లేపితే కిటికీలోంచి గల్లీ అంతా కనిపించేది. కూరగాయల బండివాడికి, బడికి పోయే పిల్లలకు, పక్కింటి కోడలికి తనకు తోచిన పేర్లు పెట్టి, వాళ్ల సంగతులన్నీ సాయంత్రం నాకు చెప్పేది. "రాణి లెక్క కూసోబెట్టినవు బిడ్డా" అని నా చెంప నిమిరేది. చిన్నప్పుడు ఆమెకు అంత తీరిక ఎక్కడిది? ఆ నిమరడం నాకు కొత్త. నేను నలభై దాటిన దాన్ని, అయినా ఆ చెయ్యి కోసం పొద్దున్నే లేచేదాన్ని.

కొన్ని నెలలకు అవ్వ కర్ర పట్టుకుని నడవసాగింది. తనే లేచేది, తనే స్నానానికి పోయేది. మా ఇంట్లో దివాన్ ఉంది, దాని మీద హాయిగా పడుకోవచ్చు. మంచం తిరిగి ఇచ్చేయాలి. మంచం లెక్క చూసేది నేనే, క్లబ్బులో ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను. ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నమ్మండి.

అడిగింది రాజమణి.

వెనక గల్లీలో ఒక ఖోలీలో, అంటే ఒంటిగదిలో, కిరాయికి ఉండేవాళ్లు వాళ్లు. ఆమె మాలాంటి వాళ్ల షెడ్లలో కండెలు చుట్టేది. భర్త దేవయ్య ఇంకో సేటు దగ్గర సాంచాలు నడిపేవాడు. ఆ దూది నూగు పీల్చీ పీల్చీ ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆసుపత్రి వాళ్లు చూసినంత చూసి, తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టమని చెప్పి ఇంటికి పంపించారు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. సాంచాలన్నీ ఆగిపోయి గల్లీ అంతా చప్పుడు లేకుండా ఉంది. మామూలుగా మా ఇంట్లో గొంతు చించుకుంటే గానీ మాట వినపడదు. ఆ రోజు మెల్లగా మాట్లాడినా వినపడుతోంది. రాజమణి గడప బయటే నిలబడింది. తల నిండా నూగు, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"అక్కా, క్లబ్బు మంచం ఖాళీగున్నదా? ఆయన పండుకుంటె ఊపిరి ఆడుతలేదు. మూడు దిండ్లు పెట్టినా జారిపోతున్నడు."

నా వెనక పర్దా ఉంది. పర్దా వెనక ఆ మంచం మీద మా అవ్వ కునుకు తీస్తోంది.

"దాని పిడి ఇరిగింది రాజమణీ. రిపేరుకు ఠాణా టౌనుకు పంపినం. ఎప్పుడొస్తదో ఏమో."

ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి. ముందు అనుకున్న మాట కాదు. పిడి, రిపేరు, ఠాణా అన్నీ ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే వచ్చాయి.

"పోనీ తియ్యక్కా. వచ్చినంక చెప్పు. అప్పటిదాంక నా ఈపున్నది గదా" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆమె కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది. గోడకు ఆనించి కూర్చోబెడితే ఆయన పక్కకు ఒరిగిపోతున్నాడట. తను వెనక కూర్చుని వీపుకు వీపు ఆనిస్తే కదలకుండా నిద్రపోతాడట. తన ఊపిరితో ఆయన ఊపిరి కూడా సర్దుకుంటుందని చెప్పి నవ్వింది.

చాయ్ తాగిపో అనలేదు నేను. రోజూ అనే మాట అది. కానీ లోపలికొస్తే మంచం కనిపిస్తుంది.

కొన్ని రోజులకు క్లబ్బు తరఫున పళ్లు తీసుకుని వాళ్ల ఖోలీకి పోయాను. చూడకుండా ఉండలేకపోయానో, చూస్తే మనసు కుదుటపడుతుందనుకున్నానో, ఇప్పటికీ తెలియదు. తలుపు తీసే ఉంది. గది మధ్యలో వాళ్లిద్దరూ వీపుకు వీపు ఆనించి కూర్చున్నారు. ఆయన నిద్రపోతున్నాడు, మెడ వెనక్కి వాలి ఆమె భుజం మీద పడింది. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని కదలకుండా చేతులతో మాత్రమే వెల్లుల్లి ఒలుస్తోంది. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. లేపొద్దని. ఆ మొహంలో ఎంత సంతోషమో! ఆయన నిద్రపోయాడని సంతోషం. నేను అరటిపళ్లు గడప మీద పెట్టి వచ్చేశాను. దారంతా ఏడ్చాను.

ఆ సాయంత్రమే పంపించి ఉండొచ్చు. మీరూ అదే అనుకుంటున్నారు కదా? రిపేరు అయిపోయింది, వచ్చేసింది అంటే సరిపోయేది. నా పరువుకు ఏ లోటూ లేదు. నేనాడిన అబద్ధమే నాకు దారి కూడా చూపించింది. ఇంటికొచ్చాను, చెబుదామనే అవ్వ దగ్గరికి పోయాను. కూరగాయల బండివాడు తనను చూసి దండం పెట్టాడట, అది చెప్పి చిన్నపిల్లలా మురిసిపోతోంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. మరుసటి రోజూ అదే అనుకున్నాను. ఎండలు ముదరక ముందే దేవయ్య పోయాడు.

మంచం ఉంటే బతికేవాడా? బతకడని డాక్టరును అడిగి తెలుసుకున్నాను, ఎవరి గురించో అడుగుతున్నట్టుగా. ఆ ఒక్క మాట పట్టుకుని చాలా కాలం వేలాడాను. కానీ బతకడం ఒక్కటే లెక్కా? పోయేముందు ఒళ్లు వాల్చి నిద్రపోయేవాడు. ఆమె కూడా నాలుగు గంటలు నడుం వాల్చేది. అవి వాళ్లకు దక్కకుండా చేసింది నేను.

అవ్వ ఆ తరువాత కొన్నేళ్లు బతికింది. చివరికి నిజంగానే మంచాన పడింది. ఒక రోజు నేను ఆమె కాళ్లకు నూనె రాస్తుంటే, ఉన్నట్టుండి నా వైపు చూడకుండా అంది.

"ఆ పిల్ల మంచం అడగవచ్చిన నాడు నేను నిద్ర పోలేదు బిడ్డా. అంత ఇన్న. నేను దిగుత, ఇచ్చెయ్యి అనాలె. అనకపోతి."

నూనె గిన్నె పక్కన పెట్టాను. ఇద్దరం ఏడ్చాం. పాపం, నా పాపంలో సగం తను తీసుకుందామనుకుంది. కానీ ఆమె మాట నాకు ఊరట ఇవ్వలేదు, నిలువునా కోసింది. ఎందుకంటే అన్నేళ్లూ నేను చెప్పుకుంటూ వచ్చింది ఒకటే: అవ్వ కోసం చేశాను, తల్లిని మంచం మీంచి దింపడానికి మనసు రాక చేశాను. అడిగితే ఆమె దిగేది. మారుమాట లేకుండా దిగి దివాన్ మీద పడుకునేది. నేను అడగనే లేదు. మంచం పోతే నష్టం ఆమెకు కాదు, నాకు. తల్లిని సుఖపెట్టిన బిడ్డనని రోజూ ఆమె నోట వినడం నాకు కావాలి. అది పోగొట్టుకోవడం ఇష్టం లేక ఇంకొక మనిషి ఊపిరికి అడ్డుపడ్డాను. ఇది అవ్వకు కూడా చెప్పలేదు. ఆమె నన్ను మంచిదనుకుంటూనే కళ్లు మూసింది.

రాజమణి ఇప్పుడు మా క్లబ్బులోనే ఉంది. ఇప్పుడు మంచాలు ఇంకొన్ని వచ్చాయి, ఇచ్చిపుచ్చుకునే పని ఆమే చూస్తుంది. ఎవరైనా అడిగితే ఆ రోజే ఆటో మీద వేయించి పంపిస్తుంది. రేపు అనదు. మొన్న మీటింగులో ఎవరో, మంచాలు తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వడం లేదు, చూసేవాళ్లు కూడా తమవాళ్లకే ఇచ్చుకుంటారు అన్నారు. రాజమణి లేచింది. అక్క చూసినన్నాళ్లూ అట్లాంటిది జరగలేదని, తన భర్త వేళకు మంచం విరిగి ఉండబట్టి గానీ, బాగుంటే అక్క ఇవ్వకపోయేదా అని అందరి ముందూ గట్టిగా చెప్పింది. ఆడవాళ్లు కొందరు చప్పట్లు కొట్టారు. తిడితే తట్టుకోగలను. అది తట్టుకోలేకపోయాను.

ఆ రోజు బయటికొచ్చాక "రాజమణీ" అని పిలిచాను. "ఏందక్కా" అని ఆగింది. అన్నం తిని పొమ్మన్నాను. వచ్చింది, తిన్నది, చారు బాగుందని ఇంకొంచెం వేయించుకుంది. ఆమె పోయాక గిన్నెలు కూడా తోమకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆమె క్షమిస్తుందా అని ఆలోచించడం మానేశాను. క్షమించేస్తుందేమోనని భయం, ఆమె అట్లాంటిదే. క్షమించకపోతే ఈ ముసలితనానికి నాకున్న చెల్లెలు పోతుంది. ఏది జరిగినా నేను చేసింది చేసిందే. ఎప్పుడు చెబుతానో తెలియదు. చెబుతానని మీకు మాట కూడా ఇవ్వను, నా మాట ఎట్లాంటిదో మీరు చూశారు కదా.

మంచం విరగలేదు. ఠాణా పోలేదు. మా ఇంట్లోనే ఉంది. నాకు ఇవ్వాలనిపించలేదు, ఇవ్వలేదు. ఈ నాలుగు ముక్కలూ రాశాక పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. చివరి దాకా చదవగలిగాను.